ఎడమచేతి కాజాలు

ఆ వీధిలో చేతితో కాజాలు కుట్టేవాళ్ళు ఆరుగురు ఉన్న రోజుల్లో ఎవరినీ పని పేరు పెట్టి పిలవవలసిన అవసరం రాలేదు. గుండీ పట్టే కన్నం చుట్టూ అంచు కట్టే ఆ పనిని యంత్రం చిటికెలో చేసి పడేయడం మొదలుపెట్టాక, ఐదుగురు ఒకరి తరువాత ఒకరు తప్పుకున్నారు. మిగిలిన ఆరో మనిషికి, మిగిలినందువల్లనే, కాజాలమ్మ అనే పేరు స్థిరపడింది. “వేల కోట్లు నా చేతి మీదుగా పోయాయి, అయినా కోటీశ్వరురాలిని కాలేదు” అని ఆమె అనేది. వినేవాళ్ళు ఆ హాస్యానికి పదోసారి కూడా నవ్వేవారు, ఎందుకంటే ఆమె దాన్ని నవ్వకుండా చెప్పేది.

ఆమెకు డెబ్బై మూడేళ్ళు. మూడో అంతస్తులో రెండు గదులు. వెలుతురు వచ్చే గది పనికి, రానిది పడకకు. పుట్టుకతో ఎడమచేతివాటం. చిన్నతనంలో పని నేర్పిన పెద్దమ్మ ఆ చేతిని కొలబద్దతో కొట్టీ కొట్టీ విసిగి, “ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. నీ దారిన నువ్వే పో” అని వదిలేసింది. ఆ వదిలేయడం వల్లనే చెయ్యి కుదిరింది. కుదిరిన ఆ చెయ్యి వేసే ముడులు మాత్రం అందరి ముడులకూ ఎదురు దిక్కుకు వాలేవి. కంటికి ఆ తేడా తెలియదు. గోటితో గీస్తే తెలుస్తుంది. చేప పొలుసును తోక నుంచి తలవైపుకు గీస్తే గోరు ఎలా తట్టుకుంటుందో, కాజా అంచు కూడా ఒక వైపు నుంచి గీస్తే అలా తట్టుకుంటుంది, రెండో వైపు నుంచి జారిపోతుంది. లోకంలో అందరి కాజా జారే వైపున ఆమె కాజా తట్టుకుంటుంది. ఏభై ఏళ్ళుగా ఎన్నో కోట్ల మీద ఆమె చేసిన సంతకం అది. చదవగలిగిన మనిషి కూడా ఆమె ఒక్కతే.

మూడేళ్ళ కిందట చూపుకు నడిమధ్య మసక పట్టింది. దేన్ని చూడాలని చూస్తే అదే కనపడదు, దాని చుట్టుపక్కలవన్నీ కనపడతాయి. ఇది కోతకు లొంగే జబ్బు కాదనీ, ఉన్న చూపును నిలబెట్టుకోవడమే మనం చేయగలిగిందనీ డాక్టరు చెప్పాడు. ఆమె అందులో రెండో సగమే విన్నది. కాజా కుట్టేవి వేళ్ళే గానీ కళ్ళు కావని మాస్టరుతో వాదించింది. మాస్టరు రెండు వీధుల అవతల కోట్ల దుకాణం నడిపే దర్జీ. కుర్రతనంలో ఆమె పక్కన కూర్చుని గుండీలు కుట్టడం నేర్చుకున్నవాడు. అక్కతో వాదించి గెలిచిన అలవాటు లేనందువల్ల పని పంపుతూనే ఉన్నాడు.

వేళ్ళు కుట్టగలవు నిజమే, కాని సూదిలో దారం ఎక్కించడానికి మాత్రం కళ్ళే కావాలి. పై అంతస్తు పిల్లలు ఆమె జీవితంలోకి వచ్చింది ఆ సూది బెజ్జంలోంచే. ఒకనాడు ఉదయం ఆమె వెలుతురు కోసం మెట్ల దగ్గరికి వచ్చి, దారం కొసను నాలుకతో తడిపి తడిపి గుచ్చలేక నిలబడి ఉంటే, బడికి పోతున్న పదహారేళ్ళ పిల్ల సంచి దించకుండానే సూది అందుకుని ఎక్కించింది. ఆ మేడలో ఆ పిల్లను అందరూ పంతులమ్మ అంటారు. తమ్ముడి లెక్కలే కాదు, మెట్ల దగ్గర అంటించిన నోటీసుల్లో అచ్చుతప్పులు కూడా పెన్సిలుతో దిద్దే పిల్ల. పదమూడేళ్ళ తమ్ముడి పేరు బొంగరం. వాణ్ణి ఒక్క నిమిషం చూస్తే ఆ పేరెందుకో అడగనక్కరలేదు.

మర్నాటి నుంచి అది అలవాటైంది. రోజూ బడికి పోయే ముందు పంతులమ్మ వచ్చి పది సూదుల్లో దారాలు ఎక్కించి, సూదుల దిండుకు వరుసగా గుచ్చి వెళ్ళేది.

“పదకొండోది కూడా ఎక్కించవే, నీ సొమ్మేం పోయింది?”

“పదకొండోది ఎక్కిస్తే మీరు మధ్యాహ్నం నడుం వాల్చరు మామ్మా.”

“మా అక్క ఎక్కించిన దారంతో జాగ్రత్త మామ్మా,” అనేవాడు బొంగరం గుమ్మంలో ఒంటికాలి మీద తిరుగుతూ. “అందులో కూడా తప్పులు కనపడతాయి ఈవిడగారికి.”

ఆమె మోకాళ్ళు మొరాయించాక సంచీ మోసే పని వాడిదైంది. కుట్టిన కోట్లు మాస్టరుకు ఇచ్చి, కుట్టవలసినవి తెచ్చేవాడు. వాటితోపాటు కబుర్లూ తెచ్చేవాడు. ఒక పెద్దమనిషి కొత్త కోటు వేసుకుని, అద్దం ముందు గుండీలు పెడుతూ తీస్తూ చిన్నపిల్లాడిలా ఆడుకున్నాడట, “ఇలాంటి చెయ్యి ఇంకా ఉందా” అన్నాడట. ఆమె “ఊఁ” అని ఊరుకునేది. కాని ఆ సాయంత్రం కింది అంతస్తు వాళ్ళతో మాట్లాడినప్పుడు ఆ మాట ఎలాగో వచ్చి తీరేది.

ఆ రోజుల్లోనే పంతులమ్మ తనకూ కాజా నేర్పమంది. ఆమె లోపల ఎంత పొంగిపోయిందో పైకి అంత విసుక్కుంది. ఎడమచేతి గురువుకు కుడిచేతి శిష్యురాలు పక్కన కూర్చుంటే ఏమీ అర్థం కాదు. అందుకని పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి, “నేను నీ అద్దాన్ని. అద్దంలో నీ చెయ్యి ఎలా కదిలితే నువ్వు అలా కదుపు” అంది. మొదటి వారం “ఇది కాజానా, ఎలుక కొరికిన చిల్లా?” అంది. నాలుగో వారానికి తిట్టడానికేమీ దొరకలేదు. ఆరో వారం దాటాక పంతులమ్మ గుడ్డ తెచ్చి చూపించడం మానేసింది. చదువులు ఎక్కువయ్యాయంది. ఈ కాలపు పిల్లల ఓపిక అంతేనని కాజాలమ్మ సరిపెట్టుకుంది. కొంత బాధపడింది, కాని సూదులు ఎక్కించడం మానలేదు గదా అని ఆ బాధను మడిచి పక్కన పెట్టింది.

ఇదంతా జరిగిన ఏడాదిన్నరకు, బడివాళ్ళు పిల్లల్ని రెండు రోజుల విహారయాత్రకు తీసుకుపోయారు. వెళ్ళే ముందు పంతులమ్మ పదికి బదులు ఇరవై సూదులు ఎక్కించింది.

“సంచీ మేం వచ్చాకే ఇవ్వండి మామ్మా. మీరు కదలొద్దు.”

“కదలనులే.”

“మాస్టరుగారికి చెప్పాం. తొందరేం లేదన్నారు. మీరు మాత్రం మెట్లు దిగొద్దు.”

ఇంత శ్రద్ధ కడుపున పుట్టినవాళ్ళకైనా ఉంటుందా అనుకుంది ఆమె. కాని మర్నాడు ఉదయానికే చేతిలోని బూడిదరంగు కోటు మూడు కాజాలూ పూర్తయ్యాయి. పిల్లలు కొండలెక్కుతున్నారని మాస్టరు ఎందుకు ఆగాలి? అతను తొందరలేదనడం మర్యాద కోసం. ఆ మర్యాదను వాడుకోవడం తన మర్యాద కాదు. ఇలా తర్కించుకుని, గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి, రెండు వీధులు దాటి దుకాణం చేరింది. ఆమె పని పట్ల అంత నిక్కచ్చి మనిషి కాకపోయి ఉంటే ఆ రోజు ఏమీ బయటపడేది కాదు.

మాస్టరు లోపలి గదిలో ఎవరికో కొలతలు తీస్తున్నాడు. ఆమె ముందు గదిలో బల్ల మీద కూర్చుంది. పక్కనే ఇనుప కడ్డీకి సిద్ధమైన కోట్లు వేలాడుతున్నాయి. పోయిన వారం తాను పంపిన గరుకు గుడ్డ కోటు చేతికి తగిలింది. బట్టను చేత్తోనే గుర్తుపట్టింది. పాత స్నేహితురాలి చెయ్యి పట్టుకున్నట్టుగా మొదటి కాజా మీద గోరు పెట్టి గీసింది.

గోరు జారిపోయింది.

పొరపాటున అటు నుంచి గీశాననుకుని ఇటు నుంచి గీసింది. తట్టుకుంది. కోటు తిరగేసి వేలాడదీశారేమోనని కాలరు తడిమింది. సరిగానే ఉంది. రెండో కాజా, మూడోది, నాలుగోది. తరువాత పక్క కోటు, ఆ పక్కది. నెల రోజుల్లో తన చేతిమీదుగా వెళ్ళిన నాలుగు కోట్లు ఆ కడ్డీ మీదే ఉన్నాయి. ఒక్కదాని మీద కూడా ఆమె సంతకం లేదు. అన్నీ చక్కగా, లోతుగా, ఒత్తుగా ఉన్నాయి. అన్నీ కుడిచేతివి.

కొలతలు ఇచ్చిన మనిషిని సాగనంపడానికి బయటికి వచ్చిన మాస్టరు ఆమెను చూసి ఆగిపోయాడు.

“అక్కా, నువ్వొచ్చావేంటి? పిల్లలేరి?”

“ఈ గరుకు కోటు పోయిన వారం నేను పంపిందేగా?”

“అవునక్కా.”

“కాజాలు ఎవరివి?”

“నీవే గదా. ఏం, ఏమైంది?”

“నాకు కళ్ళు పోయాయి గానీ గోళ్ళు పోలేదు తమ్ముడూ.”

మాస్టరు ముక్కాలిపీట లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. నిలబడి చెప్పగలిగే మాట కాదని ఆ పీట జరిగిన చప్పుడుతోనే ఆమెకు తెలిసింది.

“ఎప్పటినుంచి?”

“నిరుడు వానలకు ముందు నుంచి.”

“ఒకటీ అరానా?”

మాస్టరు మెడలో వేలాడుతున్న కొలత టేపును చుట్టసాగాడు. “అన్నీ, అక్కా.”

 టేపు చుడుతూనే అతను చెప్పుకుపోయాడు. రెండు కోట్లు తిరిగొచ్చాయి. కాజా అంచు మీద ముడి బ్రహ్మాండంగానే ఉంది, వేలికి తప్పేమీ తెలియదు. లోపం కింద ఉంది. కుట్టు గుడ్డలోకి లోతుగా దిగకుండా, అంచున రెండు పోగుల్నే పట్టుకుంటోంది. పదిసార్లు గుండీ పెట్టి తీసేసరికి అంచంతా ఊడి చేతికొస్తోంది. “నీకు చెబుదామనే బయలుదేరాను, ఒట్టు. సంచీ తెచ్చిన బొంగరంగాడు విన్నాడు. సాయంత్రానికి వాళ్ళక్కను వెంటబెట్టుకొచ్చాడు. ఆ పిల్ల ఇక్కడే, ఈ బల్ల మీదే కూర్చుంది. మామ్మకు చెప్పొద్దండి, నాకు నెలన్నర టైమివ్వండి అంది.”

“నెలన్నర దేనికి?”

“నేర్చుకోడానికి.”

ఆ మాటతో ఆమెకు లెక్క తేలిపోయింది. నేర్పమని పిల్ల అడిగింది, కోట్లు తిరిగొచ్చిన తరువాత. గుడ్డ చూపించడం మానేసింది, చెయ్యి కుదిరిన తరువాత. ఎదురుగా కూర్చోబెట్టి, అద్దమై, వేలు పట్టుకుని దిద్దిన ఆ ఆరు వారాలూ తన విద్యకు వారసురాలు దొరికిందనుకుంది. తన కాజాను విప్పడానికే పిల్లకు పని నేర్పుతున్నానని తెలియలేదు.

“ఆ నెలన్నర పాటు?”

“నేనే విప్పి కుట్టాను అక్కా.”

“గుండీలతో ఆడుకున్న పెద్దమనిషి? అదీ అల్లిన కథేనా?”

“అబద్ధం కాదు. నిజంగానే మెచ్చుకున్నాడు.”

“ఎవరిని?”

మాస్టరు టేపు చుట్టడం ఆపాడు.

“ఇంకెవరికి తెలుసు?”

“ఇక్కడ ఇస్త్రీ చేసే ఆమెకు తెలుసు. మీ కింది అంతస్తు వాళ్ళకు కూడా తెలుసనుకుంటా. పిల్ల మీ మేడ మీద కూర్చుని కుడుతుంది గదా, బట్టలు ఆరేయడానికి వెళ్ళినవాళ్ళు చూడరా మరి.” అతని గొంతు తగ్గింది. “అందరూ నీ మంచికేనక్కా.”

అంటే కింది అంతస్తు గుమ్మంలో నిలబడి, పెద్దమనిషి ముచ్చట తాను చెప్పినప్పుడల్లా, వాళ్ళు తెలిసే విన్నారు. తెలిసే “అబ్బో” అన్నారు. ఆమె తెచ్చిన బూడిదరంగు కోటును మళ్ళీ సంచీలో పెట్టుకుని లేచింది. దింపి వస్తానని మాస్టరు చెప్పులు వెతుక్కునేలోపే వీధిలోకి దిగింది.

పిల్లలు మర్నాడు మధ్యాహ్నం వచ్చారు. ముందుగా బొంగరం వచ్చాడు, మెట్ల మీద నుంచే మొదలుపెట్టి.

“మామ్మా, కొండెక్కాం. మా లెక్కల సారు సగంలోనే కూర్చుండిపోయి, మిగతా సగం మీరు ఊహించుకుని రండి అన్నాడు. మా అక్కేమో బోర్డు మీద...”

గదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి ఉండడం చూసి వాడు ఆగాడు. మిగిలిన సూదులన్నీ దిండుకు గుచ్చినవి గుచ్చినట్టే ఉన్నాయి. వెనకే వచ్చిన పంతులమ్మ ఆమె ఒడిలోని కోటును చూసి, భుజం మీది సంచీ నెమ్మదిగా నేల మీద పెట్టింది.

“షాపుకి వెళ్ళారా మామ్మా?”

“వెళ్ళాను. కూర్చో.”

“మాస్టరుగారు చెప్పారా?”

“నీ కాజాయే చెప్పింది. అన్నీ నేర్చుకున్నావు, దిక్కు దాచడం నేర్చుకోలేదు. అదొక్కటీ నేను నేర్పనేలేదు గదా.”

పంతులమ్మ ఎదురుగా కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఆమెకు పని తేలికయ్యేది.

“మీ పని పోకూడదని చేశాం.”

“పని పోయింది. పోయి ఏడాదిన్నరైంది. నాకు చెప్పలేదు, అంతే.”

“మామ్మా, మేం డబ్బా కొట్టుకోలేదు, ఎవరికీ చెప్పలేదు,” అన్నాడు బొంగరం గోడకు ఆనుకుని. వాడు అంతసేపు కదలకుండా నిలబడడం ఆమె ఎప్పుడూ ఎరగదు.

“నాకు కూడా చెప్పలేదు, అదే గదా నాన్నా నేనంటున్నదీ. సూదులు ఎక్కించారు, వద్దన్నానా? సంచీ మోశావు, వద్దన్నానా? సాయం తీసుకోవడానికి సిగ్గుపడే మనిషినా నేను?”

“ఇదీ సాయమే గదా.”

“మీరు సూది ఎక్కిస్తే కుట్టేది నేను. దీనిలో నేనెక్కడున్నాను?”

వాడు అక్క వైపు చూశాడు. పంతులమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని సూటిగా అడిగింది.

“అప్పుడే చెప్పి ఉంటే మీరేం చేసేవాళ్ళు?”

“మానేసేదాన్ని.”

“మానేసి?”

ఆమె ఒడిలోని కోటును సరిచేసుకుంది. పిల్లే అందుకుంది.

“చేతిలో గుడ్డ లేని రోజు పొద్దు గూకదని మీరే అన్నారు. రెండు మూడు సార్లు అన్నారు. అందుకే చెప్పలేదు. నాకు ఇంకో దారి తోచలేదు మామ్మా.”

ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేకపోవడం వల్లనే కాజాలమ్మకు కోపం పెరిగింది. దొంగ చేతిలో మోసపోతే తిట్టుకోవచ్చు, ఊరంతా వచ్చి ఓదారుస్తుంది. తనను మోసం చేసినవాళ్ళు పొద్దున్నే లేచి, తమ ఆటలూ పాటలూ మానుకుని, మేడ మీద ఎండలో కూర్చుని మరీ మోసం చేశారు. దీనికి ఎవరి దగ్గరికి వెళ్ళి ఫిర్యాదు చేయాలి? విన్నవాళ్ళెవరైనా పిల్లల బుగ్గలే పుణుకుతారు. ఆమె బాధను కృతఘ్నత అంటారు.

“నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా పెద్దమ్మ అనేది,” అంది ఆమె చివరికి. “ఏనాడూ నాకు దాని అర్థం తెలుసుకోవలసిన అవసరం రాలేదు.”

పంతులమ్మ తల దించుకుంది.

“కత్తెర తీసుకో. ఈ కోటుకు మూడు కాజాలున్నాయి. విప్పు.”

“ఇప్పుడొద్దు మామ్మా. నేను పైకి తీసుకెళ్ళి...”

“పైన వద్దు. ఇక్కడ, నా ఎదురుగా. విప్పేముందు ఏది ఎందుకు చెడిందో చెప్పు. తమ్ముడి లెక్కలు దిద్దేటప్పుడు వాడికి చెబుతావే, అలా చెప్పు.”

పిల్ల కోటు అందుకుని మొదటి కాజాను వెలుతురుకు పట్టుకుంది. గొంతు సవరించుకుంది.

“మొదట్లో బాగానే ఉంది. ఏడో కుట్టు నుంచి లోతు తగ్గింది. పన్నెండు, పదమూడు అసలు గుడ్డను పట్టలేదు. మూల తిరిగే చోట దారం వదులైంది.”

“విప్పు.”

సన్నని కత్తెర మొన ముడుల కింద దూరి ఒక్కొక్కటే తెంపింది. తెగిన ప్రతి ముడికీ చిన్న టిక్కుమనే చప్పుడు. ఏడాదిన్నరగా ఆ చప్పుడు ఈ ఇంటి పైనే, ఆమె తల మీదే జరుగుతూ వచ్చింది. ఆమె ఆ చప్పుడును పూర్తిగా విన్నది.

“రెండోది?”

“రెండోది...” పిల్ల తటపటాయించింది.

“తీపి కలపకు.”

“రెండోది మొత్తం పైపైనే ఉంది మామ్మా. ఒక్క కుట్టూ నిలవదు.”

ఆ మాట గుండెలో గుచ్చుకుంది. గుచ్చుకున్నచోట నొప్పితోపాటు మరొకటి కూడా ఉంది. ఇన్నాళ్ళలో ఒక పనివంతురాలి పనిని గురించి మరో పనివంతురాలు మాట్లాడినట్టు ఎవరైనా ఆమెతో మాట్లాడడం అదే మొదటిసారి. దాన్ని ఆమె మెచ్చుకోలేదు, మొహంలో కనపడనివ్వలేదు. రెండోదీ తెగిపోయింది. దారపు తునకలు పిల్ల ఒళ్ళో రాలాయి.

మూడో కాజా దగ్గర పంతులమ్మ చాలాసేపు ఆగింది. కోటు తిరగేసి వెనకవైపు చూసింది. వేళ్ళ మధ్య పట్టి అటూ ఇటూ గుంజింది. పక్కనున్న గుండీని మూడు నాలుగుసార్లు అందులోంచి దూర్చి తీసింది.

“ఇది బాగుంది మామ్మా.”



“చూడరా,” అంది ఆమె బొంగరంతో. వాడు వచ్చి వంగి చూశాడు.

“బాగుంది మామ్మా. నిజంగా. లోతుగా ఉంది.”

ఆమె కోటును ఒళ్ళోకి తీసుకుని ఆ కాజా మీద వేలు పెట్టింది. నునుపుగా, వరుసగా, గట్టిగా తగిలింది. బాగుందనే చెప్పింది వేలు. కాని ఊడిపోయిన కాజాలను కూడా ఏడాదిన్నర పాటు బాగున్నాయనే చెప్పింది ఆ వేలు. బాగుందంటున్న ఈ పిల్ల గొంతే రోజూ ఉదయం “నిన్నటి కోటు భలే ఉంది మామ్మా” అని చెప్పింది. అప్పటి గొంతుకూ ఇప్పటి గొంతుకూ తేడా ఉందేమోనని ఆమె వెతికింది. రెండింటిలోనూ ఒకే ప్రేమ వినపడింది, అందువల్ల ఏమీ తేలలేదు. నిజంగానే తన చేతిలో ఒక్క మంచి కాజా మిగిలి ఉండవచ్చు. ఆ సంగతి తెలుసుకునే దారి మాత్రం ఇక లేదు. పిల్లలు తెలియక తుడిచేసింది దాన్నే.

కోటును తిరిగి పంతులమ్మ చేతుల్లో పెట్టింది.

“విప్పు.”

“మామ్మా, ఇది మీదే. ఒట్టు, ఇది నిలుస్తుంది.”

“నిలవొచ్చు.”

“మరి ఎందుకు?”

“నువ్వు బాగుందన్నావు గనక,” అంది ఆమె. “విప్పు.”

 పంతులమ్మ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆ తరువాతే కత్తెర తీసుకుంది.